పందెం తేదీ ఎముకకు తెలియదు

అమెరికాలో మారథాన్ శిక్షణ ఒక పట్టికతో మొదలవుతుంది. షికాగో పందెం అక్టోబరు రెండో ఆదివారం, న్యూయార్క్‌ది నవంబరు మొదటి ఆదివారం. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ 18 వారాలకు గళ్లు గీస్తారు. హాల్ హిగ్డన్ కొత్తవాళ్ల కోసం రాసిన పట్టికను ఎన్నో ఏళ్లుగా ఎందరో పాటిస్తున్నారు. అందులో వారాంతపు లాంగ్ రన్ 6 మైళ్ల దగ్గర మొదలై 15వ వారానికి 20 మైళ్లకు చేరుతుంది. ప్రతి రోజుకూ ఒక గడి ఉంటుంది, విశ్రాంతికి కూడా ఉంటుంది. గాయానికి మాత్రం ఉండదు. అందుకే 11వ వారంలో పిక్క పట్టేసినా, మడమ సలిపినా, మోకాలి కింద ఎముక మీద ఒకచోట వేలు పెడితే ప్రాణం లేచిపోయినా మనిషి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పందెం నాటికి తగ్గుతుందా? చాలామందిని ముంచుతున్నది ఈ ప్రశ్నేనని నా వాదన. ముందు తెలుసుకోవాల్సింది దెబ్బతిన్నది ఏమిటన్నది. ఎముక, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), కండరం మానడంలో దేని వేగం దానిది. ఆ వేగాన్ని ఎవరూ పెంచలేరు. మన చేతిలో ఉన్నది పందెం తేదీ ఒక్కటే. అయినా గాయపడిన రన్నర్లలో ఎక్కువమంది తేదీని కదలని రాయిలా పట్టుకుని, సర్దుకుపోవాల్సిన భారమంతా ఒంటి మీద వేస్తున్నారు.

గాయపడటం ఎవరో ఒకరికి పట్టే దురదృష్టమని అనుకోవడానికి లేదు. దూరపు పరుగు చేసేవాళ్ల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. కాళ్ల గాయాలు 19 శాతం నుంచి 79 శాతం దాకా ఉన్నాయని అందులో తేలింది. గాయమంటే ఏమిటన్నది ఒక్కో పరిశోధకుడు ఒక్కోలా లెక్కకట్టడం కూడా అంత ఎడానికి ఒక కారణం. తక్కువ అంకెనే తీసుకున్నా అయిదుగురిలో ఒకరు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది మోకాలు. న్యూయార్క్ మారథాన్ మొదటిసారి 1970లో సెంట్రల్ పార్కులో జరిగినప్పుడు 127 మంది బయలుదేరితే 55 మంది పూర్తి చేశారు. 2025లో పూర్తి చేసినవాళ్లు 59 వేలు దాటారు, పందెం పేరుకు ముందు మన టీసీఎస్ పేరుంది. ఇలా పెరిగిన జనంలో నలభై దాటాక తొలిసారి రన్నింగ్ షూస్ కొన్నవాళ్లున్నారు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లున్నారు, షుగర్ అంచుల్లో ఉందని డాక్టర్ చెప్పాక పరుగు మొదలెట్టినవాళ్లున్నారు. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ మూడు వర్ణనలూ కొత్తవి కావు. పరుగు మొదలెట్టిన కొన్ని వారాల్లోనే వీళ్లకు ఆయాసం తగ్గుతుంది, గుండె గట్టిపడుతుంది. ఎముకలు, టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి ఇచ్చిన ధైర్యంతో దూరం పెంచితే ఆ వెనకబాటు ఎక్కడో ఒకచోట నొప్పిగా బయటపడుతుంది.

ఎముక సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చేసిన పొరపాటే అన్నిటికన్నా ఖరీదైనది. పరుగులో ప్రతి అడుగూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల తాకిడిని కాలి మీద వేస్తుంది. ఆ తాకిడికి అలసిన ఎముకను ఒక రకం కణాలు తొలిచి తీసేస్తాయి, ఇంకో రకం కణాలు ఆ ఖాళీలో కొత్త ఎముకను పోస్తాయి. తొలవడం కొన్ని వారాల్లో అయిపోతుంది. పూడ్చి గట్టిపరచడానికి మూడు నాలుగు నెలలు కావాలి. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటి కన్నా బలహీనంగా ఉంటుంది. అప్పుడు దూరం పెంచడమంటే తవ్వి ఇంకా పూడ్చని రోడ్డు మీదికి లారీ తోలడమే. ఫలితం సన్నని చీలిక, డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అనేది. దీని లక్షణాలు గుర్తుపట్టగలిగినవే. నొప్పి ఒక్క వేలు ఆనేంత చోట ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే తగ్గదు, మైలు మైలుకూ ముదురుతుంది. ఆ కాలి మీద గెంతితే సలుపుతుంది. ముదిరితే రాత్రి పడుకున్నా వదలదు. అదే నొప్పి గజ్జల్లో ఉంటే ఇక ఒక్క అడుగు కూడా పరుగెత్తకూడదు. తొడ ఎముక తుంటితో కలిసే మెడ దగ్గర చీలిక రావచ్చు, అది పూర్తిగా విరిగితే స్క్రూలు వేసే ఆపరేషన్ దాకా వెళ్తుంది. పాదం మధ్యలోని నావిక్యులర్ ఎముక, మోకాలి కింది ఎముక ముందు అంచు, చిటికెన వేలి వెనక ఉండే పొడవాటి ఎముక కూడా ఇలాంటి మొండి చోట్లే. రక్తప్రసరణ తక్కువ కావడం, ఎముకను రెండు వైపులకూ లాగే ఒత్తిడి పడటం వంటి కారణాల వల్ల అక్కడ చీలిక అంత తేలిగ్గా అతుక్కోదు.

టెండన్ ఇంకో జాతి. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ పొద్దున మంచం దిగగానే బిగుసుకుపోయి ఉంటుంది, నాలుగడుగులు వేస్తే సడలుతుంది, పరుగు తర్వాతో మర్నాడో మళ్లీ పట్టుకుంటుంది. దీనికి మంచమే మందు అనుకోవడం తప్పని స్వీడన్‌లో జరిగిన ఒక పరిశోధన చూపించింది. కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో అకిలిస్ నొప్పి ఉన్నవాళ్లంతా ఒకే వ్యాయామాలు చేశారు. ఒక గుంపు మొదటి ఆరు వారాలు పరుగు, గెంతడం మానేసింది. ఇంకో గుంపు నొప్పి పదికి అయిదు దాటకుండా, మర్నాటికి పెరగకుండా చూసుకుంటూ పరుగు కొనసాగించింది. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ బాగానే కోలుకున్నాయి. అంటే ఒకే మనిషికి ఒకే స్థాయి నొప్పి ఉన్నా, అది టెండన్‌దైతే కొలత పెట్టుకుని పరుగెత్తవచ్చు, ఎముకదైతే ఆపి తీరాలి. నొప్పి ఎంత ఉందన్నది ఈ రెంటినీ విడదీయదు. నొప్పి తీరు విడదీస్తుంది, పరీక్ష విడదీస్తుంది. వాట్సాప్ గ్రూపులో ‘నాకూ ఇలాగే వచ్చింది, నెల రోజులు మానేశాను’ అని ఒకరు, ‘నేను పట్టించుకోలేదు, అదే పోయింది’ అని మరొకరు చెప్పే సలహాలు ఎంత ప్రేమతో చెప్పినా ప్రమాదకరం కావడం ఇందుకే. వాళ్లిద్దరూ నిజమే చెబుతుండవచ్చు, కాకపోతే వాళ్ల కాలు వేరు.

మరి పరీక్ష సంగతి? అమెరికాలో ఇది వైద్యంతోపాటు బీమా సమస్య కూడా. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే తీస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ తరచూ కనబడదు. ‘ఎక్స్‌రే బాగుంది, పరుగెత్తొచ్చు’ అని సంబరపడి మళ్లీ రోడ్డెక్కినవాళ్లు తిరిగి కుంటుకుంటూ రావడానికి అదొక కారణం. చీలికను తొందరగా పట్టేది ఎమ్మారై. దానికి చాలా ప్లాన్లు ముందస్తు అనుమతి అడుగుతాయి, కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేయించుకున్నాక రమ్మంటాయి. డిడక్టిబుల్ నిండకపోతే డబ్బు మన జేబులోంచే. ఈ ఖర్చుకు జంకి మందుల షాపులో మోకాలి పట్టీ కొనుక్కుని సరిపెట్టుకోవడం అర్థం చేసుకోదగినదే. అయితే చాలామందికి తెలియని దారి ఒకటుంది. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు డాక్టర్ చీటీ లేకుండానే నేరుగా ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లవచ్చు. రన్నర్లను రోజూ చూసే థెరపిస్టు ఒక్క గంటలో నొప్పి తీరును బట్టి ఎముకా కాదా అన్నది చాలావరకు అంచనా వేయగలరు, అనుమానముంటే డాక్టర్ దగ్గరికి పంపగలరు. ఎమ్మారై అడగాల్సి వచ్చినప్పుడు ‘కాలు నొప్పి’ అని ఊరుకోకుండా, గెంతితే నొప్పి, రాత్రి నొప్పి, ఒక్కచోటే నొప్పి అని విడివిడిగా చెప్పి రాయించుకోవడం అనుమతికి ఉపయోగపడుతుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మూడు వారాలు ఆపితే నాలుగు నెలల కష్టం గంగలో కలిసినట్టే కదా? కొలిచి చూసినవాళ్లు అలా అనడం లేదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా శిక్షణ పొందిన ఏడుగురి చేత వ్యాయామం పూర్తిగా మాన్పించి చూసింది. 1984లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి మూడు వారాల్లో 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకు 16 శాతం దగ్గర ఆగిపోయింది. ఇది ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ల లెక్క. కాలి మీద బరువు పడకుండా గుండెను పనిచేయించే దారులున్నాయి. నడుముకు తేలే బెల్టు కట్టుకుని లోతు నీళ్లలో పరుగెత్తడం వాటిలో అన్నిటికన్నా పరుగుకు దగ్గరిది. 1997లో 11 మంది రన్నర్లు నాలుగు వారాలు నేల మీద పరుగే మాని ఇలా నీళ్లలోనే సాధన చేస్తే వాళ్ల 5 కిలోమీటర్ల సమయం చెప్పుకోదగ్గంతగా మారలేదు. మామూలు రన్నర్ల విషయానికొస్తే, డబ్లిన్ పరిశోధకులు స్ట్రావా యాప్‌లోని లక్షలమంది మారథాన్ రికార్డులు తిరగేశారు. సగానికి పైగా జనం శిక్షణలో వారం లోపు విరామాలతో ఆగినవాళ్లే, అంతకన్నా ఎక్కువ ఆగినవాళ్లు తక్కువ. వారం, అంతకు మించి ఆగినవాళ్లు ఆ విరామానికి చెల్లించిన మూల్యం ముగింపు సమయంలో 5 నుంచి 8 శాతం. నాలుగు గంటల్లో పూర్తి చేయగల మనిషికి అది 12 నుంచి 19 నిమిషాలు. నిమిషాలు పోవడం బాధే, కాదనను. కానీ తొడ ఎముక మెడ విరగడంతో దాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఎంపిక కష్టం కాకూడదు.

రెండో అభ్యంతరం అంతకన్నా బలమైనది, దానికి పేరూ ఊరూ ఉన్నాయి. మెయిన్ రాష్ట్రానికి చెందిన జోన్ బెనోయిట్ 1983లో బోస్టన్‌లో 2:22:43కు పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మరుసటి ఏడాది మహిళలకు తొలి ఒలింపిక్ మారథాన్. 1984 మార్చిలో 20 మైళ్ల సాధన పరుగులో ఆమె కుడి మోకాలు పట్టేసింది. ఇంజెక్షన్లు, విశ్రాంతి పనిచేయలేదు. ఏప్రిల్ 25న ఆరిగాన్‌లోని యూజీన్‌లో డాక్టర్ స్టాన్ జేమ్స్ ఆర్థ్రోస్కోపీ చేశారు. కాలు తొక్కలేని రోజుల్లో ఆమె చేతులతో తిప్పే సైకిల్ మీద సాధన చేసింది. ఆపరేషన్ అయిన 17వ రోజున, మే 12న, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో జట్టు ఎంపిక పందెం గెలిచింది. ఆగస్టు 5న లాస్ ఏంజెలిస్‌లో 2:24:52కు స్వర్ణం గెలిచింది. నలభై ఏళ్లుగా గాయపడిన ప్రతి రన్నర్‌కూ ఈ కథ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. చెప్పేవాళ్లు వదిలేసేది డాక్టర్‌కు ఆ మోకాల్లో కనబడిందేమిటన్న సంగతి. కీలు లోపల అడ్డుపడుతున్న పీచులాంటి పొర అది. ఆ అడ్డు తీసేస్తే కీలు కదిలింది. అక్కడ నెలల తరబడి అతుక్కోవాల్సిన ఎముక లేదు. తొందరపాటుకు ఆమె కూడా మూల్యం చెల్లించింది, ఒక కాలిని కాపాడుకోబోయి ఇంకో కాలి తొడ వెనక కండరం పట్టేసింది. బెనోయిట్ గెలుపు నా వాదనకు ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది కానీ, దెబ్బతిన్నది ఏమిటో ముందు తేల్చుకోమని చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎముక దెబ్బతిన్నవాళ్ల చరిత్ర వేరేలా నడిచింది. మెబ్ కెఫ్లెజిగీ 2007 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఒలింపిక్ ఎంపిక పందెంలో ఎనిమిదో స్థానంలో ముగించాడు. కటి ఎముకలో చీలిక ఉందని తర్వాత తేలింది. బీజింగ్ ఒలింపిక్ మారథాన్ ఆయనకు దక్కలేదు. రెండేళ్లకు, 2009లో, అదే నగరంలో 2:09:15కు న్యూయార్క్ మారథాన్ గెలిచాడు, 1982 తర్వాత అక్కడ గెలిచిన తొలి అమెరికన్ మగవాడు ఆయనే. 38 ఏళ్ల వయసులో 2014లో బోస్టన్ కూడా గెలిచాడు. డీనా కాస్టర్ పాదం ఎముక 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అయిదో కిలోమీటర్ దగ్గరే విరిగింది. ఆమె అక్కడే ఆగిపోయింది. ఏడేళ్ల తర్వాత 42 ఏళ్ల వయసులో షికాగోలో 2:27:47కు పరుగెత్తి నలభై దాటిన అమెరికన్ మహిళల్లో రికార్డు రాసింది. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మాలీ సైడెల్ మోకాలి చిప్పలో చీలిక కారణంగా 2024 ఎంపిక పందెం నుంచి తప్పుకుంది. నాలుగేళ్లకొకసారి వచ్చే తేదీని కూడా వీళ్లు వదులుకోవాల్సి వచ్చింది. ఏటా వచ్చే తేదీని వదులుకోలేమని మనం అనుకోవడంలో న్యాయం కనబడదు.

నొప్పి లేని మారథాన్ ఉంటుందా, పంటి బిగువున లాగించేయాలి గానీ అనేవాళ్లున్నారు. అలసటకు ఆ మాట సరిపోతుంది. ఈ మాట చివరికి దారితీసేది మాత్రం ఐబుప్రోఫెన్ డబ్బా దగ్గరికి. అమెరికాలో అది సూపర్‌మార్కెట్ అరలో దొరుకుతుంది కాబట్టి మిఠాయిలా మింగుతారు. స్టాన్‌ఫర్డ్ వైద్యుడు గ్రాంట్ లిప్‌మన్ బృందం 2017లో అల్ట్రామారథాన్ రన్నర్లలో కొందరికి ఐబుప్రోఫెన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసింది. మూత్రపిండాలకు తాత్కాలిక దెబ్బ ఉత్తుత్తి మాత్రవాళ్లలో 34 శాతం మందికి, ఐబుప్రోఫెన్ వాళ్లలో 52 శాతం మందికి కనబడింది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఎక్కువగా పరుగుకు వస్తున్న మన సమాజంలో ఈ అంకె గుర్తుంచుకోవాలి. పైగా మాత్ర నొప్పిని దాస్తుంది, చీలికను దాచలేదు.

తిండి గురించి ఎవరూ అడగరు, అడగాలి. పరుగు ఆగింది కాబట్టి బరువు పెరుగుతుందని భయపడి గాయపడినవాళ్లు భోజనం తగ్గించేస్తారు. కొత్త ఎముక పోయడానికీ ఒంటికి శక్తి కావాలి, మాంసకృత్తులు కావాలి, కాల్షియం, విటమిన్ డి కావాలి. ఖర్చుకు తగ్గ తిండి తినని క్రీడాకారుల ఎముకలు, హార్మోన్లు ఎలా దెబ్బతింటాయో 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చి హెచ్చరించింది. మన ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేక రూపం ఉంది. చాలా బృందాల్లో లాంగ్ రన్ శనివారం ఉదయం. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేదీ శనివారమే. పదిహేను మైళ్లు పరుగెత్తి సాయంత్రం దాకా పాలూ పళ్లతో గడపడం వారం వారం జరిగితే ఎముక దాన్ని లెక్కలో వేసుకుంటుంది. భక్తిని వదలమనడం నా ఉద్దేశం కాదు, లాంగ్ రన్‌ను ఆదివారానికి మార్చుకోమంటున్నాను. ఛామనచాయ ఒంటికి విటమిన్ డి తయారుకావడానికి తెల్ల ఒంటికన్నా ఎక్కువ ఎండ కావాలి. మిషిగన్, మసాచుసెట్స్ చలికాలంలో ఆ ఎండ దొరకదు. రక్తపరీక్షలో అది ఒక్క వరుస, అడిగితే చేస్తారు.

నా దృష్టిలో అసలు ప్రమాదం విశ్రాంతిలో లేదు, తిరిగి వచ్చే రోజున ఉంది. వారానికి 10 శాతం కన్నా పెంచకూడదన్న సూత్రం రన్నర్లందరికీ కంఠతా వచ్చు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 500 మందికి పైగా కొత్తవాళ్ల మీద దాన్ని పరీక్షించారు. నెమ్మదిగా 13 వారాల్లో పెంచినవాళ్లలోనూ, 8 వారాల్లో పెంచినవాళ్లలోనూ గాయాలు దాదాపు సమానం, అయిదో వంతు మందికి. 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 5,200 మంది రన్నర్ల గార్మిన్ వాచీల లెక్కలను ఏడాదిన్నర పాటు గమనించి అసలు చిక్కు ఎక్కడుందో చూపింది. వారం మొత్తం దూరం పెరగడం గాయాన్ని అంతగా సూచించలేదు. గత 30 రోజుల్లో చేసిన అత్యంత పొడవైన పరుగును మించి ఒక్కరోజే ఎక్కువ పరుగెత్తడం సూచించింది. 10 శాతం దాటినప్పటి నుంచే ముప్పు పెరిగింది, రెట్టింపు దాటితే ముప్పు కూడా రెట్టింపు దాటింది. గాయపడినవాడికి ఇది అన్వయించి చూడండి. అయిదు వారాలు ఆగినవాడి గత నెల రోజుల్లో పొడవైన పరుగు సున్నా. పట్టికలో ఆ శనివారం గడిలో 18 మైళ్లు రాసి ఉంది. పోగొట్టుకున్న వారాలను పూడ్చుకోవాలన్న తహతహతో ఆ గడిలోకి దూకితే రెండో గాయం మొదటి దానికన్నా పెద్దదవుతుంది. పూర్వం గాయపడి ఉండటమే మళ్లీ గాయపడటానికి అన్నిటికన్నా బలమైన సూచన అని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. మళ్లీ పరుగు మొదలెట్టాలంటే ముందు అరగంటకు పైగా నొప్పి లేకుండా నడవగలగాలి, ఒంటికాలి మీద గెంతగలగాలి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పట్టికను పాత గడి నుంచి అందుకోకూడదు, పారేసి కొత్తది గీసుకోవాలి.

బలం పెంచే వ్యాయామాలు చేస్తే ఈ గొడవే ఉండదని జిమ్ ట్రైనర్లు హామీ ఇస్తుంటారు. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీ పరిశోధకులు తొలిసారి మారథాన్‌కు సిద్ధమవుతున్న 700 మందికి పైగా రన్నర్లను రెండు గుంపులు చేసి 12 వారాలు చూశారు. సొంతంగా వ్యాయామాలు చేసుకున్న గుంపులోనూ, చేయని గుంపులోనూ అతిశ్రమ గాయంతో మారథాన్ పూర్తి చేయలేకపోయినవాళ్లు సుమారు 7 శాతమే. వ్యాయామం మంచిదే, గాయం మానాక థెరపిస్టు చెప్పినవి తప్పక చేయాలి. హామీ మాత్రం కాదు.

మిగిలింది డబ్బు, మాట, పరువు. ఎంట్రీ ఫీజు, విమానం టికెట్, హోటల్ గది అన్నీ కలిపితే చిన్న మొత్తం కాదు. విరాళాల కోసం పరుగెత్తేవాళ్ల బరువు ఇంకా ఎక్కువ. 1991లో బర్క్లీలో భారతీయ విద్యార్థులు మొదలుపెట్టిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్ కోసం అమెరికాలో మారథాన్ బృందాలే ఉన్నాయి. స్నేహితులు, సహోద్యోగులు ఇచ్చిన డబ్బుకు ఇప్పుడు ఏమని చెప్పాలని వాళ్లు కుమిలిపోతారు. ఆ డబ్బు బడికి వెళ్లే పిల్లలకు చేరుతుంది, ముగింపు గీత దాటితేనే చేరాలన్న షరతు లేదు. ఇచ్చినవాళ్లకు ఈ మాట నేరుగా చెబితే చాలు. న్యూయార్క్ మారథాన్‌లో గడువు లోపల రద్దు చేసుకుంటే ఆ ఏటి ఫీజు పోయినా మరుసటి ఏడాది చోటు ఖాయం, ఫీజు మళ్లీ కట్టాలి. బోస్టన్ మాత్రం గాయానికి వాయిదా ఇవ్వదు. ఏళ్ల తరబడి కష్టపడి అర్హత సమయం సాధించినవాళ్లకు అక్కడ నా వాదన నిజంగా బరువైనదే, ఆ నష్టాన్ని ఏ అంకెతోనూ తేలిక చేయలేను. టెండన్ నొప్పో, కండరం పట్టేయడమో అయితే థెరపిస్టు ఒప్పుకున్న మేరకు సమయం మీద ఆశ వదిలి, నడుస్తూ పరుగెత్తుతూ బోస్టన్ పూర్తి చేయవచ్చు. ఎముక అయితే బోస్టన్ అయినా వద్దు. ఈ నిర్ణయాన్ని పందెం ముందురోజు హోటల్ గదిలో తీసుకోకూడదు. మూడు వారాల ముందే థెరపిస్టుతో కూర్చుని తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో ఆ రోజే వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.